అద్దం తీసెయ్.. టోల్ కట్టెయ్!

కోట్లు పోస్తే కారుకు అన్నీ వస్తాయి. ఇంకొన్ని కోట్లు పోస్తే ముందు అద్దం పోతుంది!

2018లో ఫెరారీ ‘మోంజా’, 2019లో మెక్‌లారెన్ ‘ఎల్వా’ అలా అద్దం లేకుండానే వచ్చాయి. రేస్ ట్రాక్ మజా రోడ్డు మీదే కావాలట. బరువు తగ్గాలట. గాలి మొహాన కొట్టాలట.

గాలే కావాలంటే మా వరంగల్‌కు రాండ్రి సారూ!

మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ ముందు ఒక్క రౌండు చాలు. తేజ రకం ఘాటుకు వైపర్లు కళ్లకే పెట్టించుకోవాలి.

ములుగు రోడ్డులో ఇసుక లారీ వెనక పడితే ఫేస్ పౌడర్ ఫ్రీ.

హంటర్ రోడ్డులో వాన దంచితే సీట్లోనే స్నానం.

ఎదురుగాలిని తల మీదుగా మళ్లించే ఏర్పాటుందని ‘ఎల్వా’ భరోసా. ఆ ముక్క వరి పొలాల పురుగులకు ఎవరు చెప్పాలి?

ఇక చట్టం. ముందు అద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలంటుంది కేంద్ర మోటారు వాహనాల నిబంధన 100.

‘‘మాకు నూటికి నూరు వస్తోంది సార్!’’ అని ఓనర్ వాదించొచ్చు.

పోలీసు దగ్గర నెగ్గినా, కోమళ్ల టోల్‌గేటు దగ్గర చిక్కే. ఫాస్టాగ్ ముందు అద్దానికి అతికించకపోతే రెట్టింపు వసూలు చేయాలని జాతీయ రహదారుల సంస్థ 2024 జులైలోనే చెప్పింది.

కారు కోట్లది. స్టిక్కర్ అంటించే జాగా లేదు.

డబుల్ కట్టుండ్రి దొరా!