కుక్క బొమ్మ, కోట్ల బేరం

కొత్త నాణెం వదలాలంటే ఒకప్పుడు రాజ్యం ఉండాలి, టంకశాల ఉండాలి, చెల్లదన్నవాడి మెడ మీద పెట్టడానికో కత్తి ఉండాలి. 2013 డిసెంబరులో డోజ్‌కాయిన్ అనే క్రిప్టో నాణేనికి ఇవేవీ అవసరం పడలేదు. సిడ్నీలో జాక్సన్ పామర్ అనే అడోబీ ఉద్యోగి ట్విట్టర్‌లో ఈ నాణెం గురించి వేళాకోళంగా ఒక మాటన్నాడు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో బిల్లీ మార్కస్ అనే ఐబీఎం ఇంజనీరు దాన్ని పట్టుకున్నాడు. అప్పటికే ఉన్న కాయిన్ల ప్రోగ్రాముకు పేరు మార్చారు, జపాన్‌లోని కబొసు అనే కుక్క మొహాన్ని బిళ్ల మీదికెక్కించారు. అయిపోయింది. మన దగ్గర చీటీలు వేసేవాడు కనీసం ఇల్లెక్కడో చూపించాలి. వీళ్లు కుక్కను చూపించారు, జనం సరేనన్నారు.

అయినా మొదట్లో ఆ నాణెం చుట్టూ చేరిన గుంపు ఎంత మంచిదో చెప్పకపోతే పాపం. ఎవరైనా నవ్వించే మాటంటే చాలు, గుప్పెడు డోజ్‌లు కానుకగా పంపేవారు. చేతిలోది చెల్లని కాసని తెలిస్తే మనిషికి ఎక్కడలేని దానగుణం వస్తుంది. 2014 జనవరిలో, మంచు మొహమే ఎరగని జమైకా దేశపు బాబ్‌స్లెడ్ (మంచు మీద జారే బండి పందెం) జట్టును సోచి శీతాకాల ఒలింపిక్స్‌కు పంపడానికి సుమారు 30 వేల డాలర్ల విలువైన డోజ్‌లు పోగేశారు. ఆ మే నెలలో టాలడేగా రేసులో జోష్ వైజ్ నడిపిన కారు మీద కుక్క బొమ్మ వేయించారు. అంతకుముందు, నాణెం పుట్టిన నెలలోనే, క్రిస్మస్ పూట ఒక ఆన్‌లైన్ వాలెట్‌కు కన్నం పడితే బాధితుల కోసం చందాలేసుకున్నారు. గమనించారా, ఆ నాణేన్ని మొట్టమొదట నిజం డబ్బుగా గౌరవించినవాడు దొంగ.

తక్కినవాళ్లూ మెల్లగా ఆ దారికే వచ్చారు. ఏటా 500 కోట్ల కొత్త కాయిన్లు పుట్టుకొచ్చే సరుకు ఇది, కొరత మాటే లేదు. అలాంటిదానికి 2021లో ధర ఆకాశాన్నంటింది. కారణం? ఎలాన్ మస్క్ ట్వీట్లు పెట్టాడు. మార్కెట్ విశ్లేషణ ఇంతే, ఇంకేమీ మిగల్లేదు. మే 8న ఆయన టీవీ హాస్య కార్యక్రమంలో కనిపిస్తాడనగానే, ఇక డాలరు దాటుతుందని టీవీల ముందు కాచుక్కూర్చున్నారు. ఆయన జోకులు వేస్తుండగానే ధర జారిపోయింది.

మరి కనిపెట్టినవాళ్లో? పామర్ 2015లోనే విసిగి దండం పెట్టేశాడు. ఉద్యోగం పోయిన మార్కస్ అదే ఏడాది తన కాయిన్లన్నీ అమ్ముకున్నాడు. వచ్చింది పాత హోండా సివిక్ కారు ఖరీదు.

నలుగురు స్నేహితులతో వాట్సాప్ గ్రూపు పెట్టి రేపు కొత్త కాయిన్ వదలబోయే కుర్రాళ్లకు ఒక్క మాట. పేరు మీ ఇష్టం, జంతువు మీ ఇష్టం. ఒక భాగస్వామి మాత్రం పిలవకుండానే వస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి మన ఆదాయపు పన్ను శాఖకు క్రిప్టో లాభంలో 30 శాతం వాటా. అదే ఏడాది జూలై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. ఒక కాయిన్‌లో పోయింది ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకుంటానంటే కుదరదు, అది మీ ఖర్మ. ఇంతవరకూ ఆ కుక్క బొమ్మ చూసి నవ్వనిది ఆ శాఖ ఒక్కటే.