రోజుకి 20 గంటలు

మధ్యాహ్నం 2కి చెక్ ఇన్, మర్నాడు పొద్దున 10కి చెక్ అవుట్. వేళ్ళ మీద లెక్కపెట్టండి. 33 ఏళ్ళు ట్రెజరీలో పనిచేసినవాణ్ణి కాబట్టి నేను రెండుసార్లు పెట్టాను. రెండుసార్లూ 20 గంటలే వచ్చింది. అద్దె మాత్రం రోజుకి తీసుకున్నారు. మిగతా నాలుగు గంటలూ ఏమైనట్టు? పది రోజులుగా ఈ ప్రశ్న ఇంట్లో అడిగాను, పార్కులో అడిగాను, చివరికి పాలు పోసే అబ్బాయినీ అడిగాను. అతనొక్కడే న్యాయంగా మాట్లాడాడు. "లీటరని చెప్పి నేను 830 మిల్లీలీటర్లు పోస్తే మీరు ఊరుకుంటారా సార్?" అన్నాడు. ఊరుకోను. ఊరుకోలేదు కూడా. కానీ ఆ హోటల్ కౌంటరు దగ్గర నా మోచెయ్యి మా ఆవిడ చేతిలో ఉంది.

సంగతేమిటంటే, మా 36వ పెళ్ళిరోజుకి అమ్మాయి మాకు ఓడ టిక్కెట్లు కొనిచ్చింది. ముంబయిలో ఎక్కాలి, గోవా, లక్షద్వీప్ చుట్టి ఐదు రాత్రుల తర్వాత మళ్ళీ ముంబయిలోనే దిగాలి. "రైలు లేటయితే ఓడ ఆగదు నాన్నా, ఒక రోజు ముందే వెళ్ళండి" అంది. వీధిలో అందరిదీ అదే మాట. ఒకరోజు ముందు, ఒకరోజు ముందు. ఆ ఒకరోజూ ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ మమ్మల్ని తెల్లారుజామున ఐదున్నర ప్రాంతంలో దింపింది. ఆరింటికి ఫోర్టులో హోటల్ ముందున్నాం. కౌంటరు వెనక కుర్రాడు నిద్రమొహంతోనే నవ్వి, "రూము రెండింటికి సార్. ఇప్పుడే కావాలంటే సగం రోజు అద్దె అదనం" అన్నాడు. సగం రోజంటే మీ లెక్కలో పన్నెండు గంటలా, పదా అని అడిగాను. ఇదిగో, మోచెయ్యి సంగతి ఇక్కడిదే.

సామాను లాబీలో పడేసి గేట్‌వే ఆఫ్ ఇండియాకి నడిచాం. పావురాలు, టీ అమ్మే సైకిళ్ళు, మెడలో కెమెరా వేలాడేసుకుని "రెండు నిమిషాల్లో ఫోటో" అంటూ వెంటపడేవాళ్ళు. ఆ కమాను కింద నిలబడ్డాకగానీ నాకు కొంచెం ఊరట దొరకలేదు. ఎందుకంటే ముంబయికి ముందుగా వచ్చి ఇబ్బందిపడ్డవాళ్ళలో నేను మొదటివాణ్ణి కాను. 1911లో అయిదో జార్జి చక్రవర్తి సతీసమేతంగా ఇక్కడే ఓడ దిగాడు. ఆయన రాకకి గుర్తుగా కట్టిందే ఈ ద్వారం. కానీ ఆయన వచ్చేనాటికి ద్వారం లేదు. అట్టతో చేసిన నమూనా చూపించారట. అసలుది పూర్తయ్యేసరికి 1924 వచ్చింది. అంటే చక్రవర్తికే రూము పదమూడేళ్ళకి తయారయింది. నాకు ఎనిమిది గంటలు ఏపాటి!

అయితే చెక్ అవుట్ దగ్గర మాత్రం బ్రిటిష్‌వాళ్ళు తెలివైనవాళ్ళు. 1947 ఆగస్టు 15నే గది ఖాళీ చెయ్యాలి కదా. చివరి బ్రిటిష్ పటాలం ఈ కమాను కిందినుంచి కవాతు చేసుకుంటూ ఓడెక్కింది 1948 ఫిబ్రవరి 28న. ఆరున్నర నెలలు అదనం! దానికి ఎవరైనా బిల్లు వేశారా? ఇదంతా మా ఆవిడకి వివరించాను. ఆవిడ పావురాల వంక చూస్తూ, "రెండయిందా?" అంది. ఏడుంబావయింది.

రెండింటికి రూమిచ్చారు. స్నానాలు చేసి నడుం వాల్చాక మా ఆవిడ ఫోనులో ఓడవాళ్ళు పంపిన కాగితం చదవడం మొదలుపెట్టింది. తీసుకురాకూడని వస్తువుల జాబితా. కత్తులు, బాణసంచా, కొవ్వొత్తులు, నీళ్ళు కాచే కెటిల్, కరెంటు ఎక్స్‌టెన్షన్ పెట్టె... అక్కడ ఆగింది. కళ్ళజోడు మీదినుంచి నావైపు చూసింది. నేను నా సూట్‌కేసు వైపు చూశాను.

ఇస్త్రీ పెట్టె.

ఇక్కడ నేను కొంత చెప్పుకోవాలి. నేను ఇస్త్రీ పెట్టె లేకుండా ఊరు దాటను. మా నాన్న బొగ్గుల పెట్టెతో చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. చిప్పలో నిప్పులు విసురుతూ కూర్చునే పని నాది, నిప్పురవ్వ పడి కాలర్ కాలితే దెబ్బలూ నావే. ఆ భయమే ముదిరి భక్తి అయింది. చొక్కా, ప్యాంటు, లుంగీ, చేతిరుమాలు, ఏది దొరికితే అది చేస్తాను. ఒకసారి వానకి తడిసిన కరెంటు బిల్లు కూడా చేశాను. ట్రెజరీలో నా టేబులు ముందుకొచ్చినవాళ్ళు నా జేబు అంచు చూసే సగం భయపడేవాళ్ళు. (ఇస్త్రీకీ స్త్రీకీ ముడిపెట్టి శ్లేష వేద్దామనుకుంటున్న మిత్రులకు మనవి: ఆ జోకు మా ఆఫీసులో 1989లోనే వేసేశారు. అప్పుడూ ఎవరూ నవ్వలేదు.)

ఇంతకంటే పెద్ద అన్యాయం ఇంకొకటుంది. ఇస్త్రీ అన్న మాట మనకి పోర్చుగీసువాళ్ళ దగ్గర్నుంచి వచ్చిందంటారు. వాళ్ళు దాన్ని ఎందులో తెచ్చారు? ఓడలో! ఓడలో వచ్చిన మాటే పేరైన వస్తువుని, అదీ గోవా వెళ్ళే ఓడలోకి రానివ్వకపోవడం ఏం న్యాయం? "నిప్పు భయమండీ, చుట్టూ నీళ్ళున్నా ఓడ అంటుకుంటే ఎటు పరిగెడతారు?" అంది మా ఆవిడ. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అందుకే గాంధీజీ ప్రస్తావన తెచ్చాను. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి ఆయన ఓడెక్కింది మేం ఎక్కబోయే బాలార్డ్ పియర్ నుంచే తెలుసా అన్నాను. "ఆయనకి చొక్కా లేదు" అంది.

ఇక పెట్టెని ఏం చెయ్యాలి? హోటల్లో ఉంచుకోండి, ఆరు రోజుల్లో వస్తానన్నాను. సాయంత్రం దాకా అయితే ఉంచుతాం, ఆరు రోజులు కుదరదన్నారు. సరే, మర్చిపోయినట్టు అల్మరాలో వదిలేసి కిందికి దిగుదామనుకున్నాను. మర్నాడు పది గంటలకి అలాగే దిగాను. టాక్సీలో కాలు పెట్టబోతుండగా మూడో అంతస్తునుంచి ఒక కుర్రాడు పెట్టె పట్టుకుని, వైరు మెట్ల మీద ఈడ్చుకుంటూ, "సాబ్! ప్రెస్!" అని అరుస్తూ వచ్చాడు. వాడి నిజాయితీకి యాభై రూపాయలు ఇచ్చుకోవాల్సొచ్చింది. పోనీ ఏ బెంచీ మీదో పెట్టేద్దామంటే, ముంబయిలో వైరు వేలాడే పెట్టెని బెంచీ మీద వదిలితే ముందు కుక్క వస్తుంది, తర్వాత పోలీసులు వస్తారు, ఆ తర్వాత టీవీవాళ్ళు. రేవులో తనిఖీవాళ్ళకే ఇచ్చేద్దామంది మా ఆవిడ. 33 ఏళ్ళు ప్రభుత్వానికి పనిచేశాను. తీసుకున్న వస్తువు తిరిగి రావడానికి ఎన్ని సంతకాలు కావాలో నాకు తెలుసు.

ఓడవాళ్ళు రేవుకి రమ్మన్నది మధ్యాహ్నం రెండింటికి. హోటలు వెళ్ళగొట్టింది పదింటికి. ఆ నాలుగు గంటలు మళ్ళీ నా నెత్తిన పడ్డాయి. పేవ్‌మెంటు మీద, చేతిలో ఇస్త్రీ పెట్టెతో, 62 ఏళ్ళ మనిషి.

అప్పుడు మా ఆవిడ నెమ్మదిగా, "వర్లీలో చిన్నమ్మ ఉంది" అంది.

ఆ మాట రెండు రోజులుగా మా ఇద్దరి నోట్లోనూ ఉంది. ఇద్దరం మింగుతూ వచ్చాం. ముంబయి వెళ్తున్నట్టు చిన్నమ్మకి చెప్పొద్దని ఇంటి దగ్గరే అనుకున్నాం. చెబితే వెళ్ళాలి, వెళ్తే తినాలి, తింటే పొద్దుపోతుంది, ఉన్నదే ఒక్కరోజు. అంత విలువైన ఆ రోజులో మేం చేసిన ఘనకార్యం గేట్‌వే చుట్టూ నాలుగుసార్లు తిరగడం, హోటల్ లాబీలో వంతులవారీగా కునుకు తియ్యడం, సాయంత్రం మెరైన్ డ్రైవ్ గోడ మీద కూర్చుని పల్లీలు తినడం.

సామాను మళ్ళీ లాబీలో పెట్టి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని నలుపూ పసుపూ టాక్సీలో వర్లీ వెళ్ళాం. బీడీడీ చాల్‌లో మూడో అంతస్తు. 1920లలో కట్టిన భవనాలు. పొడుగాటి నడవా, రెండువైపులా గదులు, నడవా చివర అందరికీ కలిపి పాయిఖానాలు. పక్కనే కొత్త టవర్లు లేచాయి. కొందరు వాటిల్లోకి మారారు. చిన్నమ్మ వంతు ఇంకా రాలేదు.

"ఓ బిడ్డా! ఎప్పుడొచ్చిండ్రు?" అంది తలుపులోనే.

"గిప్పుడే చిన్నమ్మా, సీదా ఈడికే" అంది మా ఆవిడ.

గోడ గడియారం పదకొండుకి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. సిరిసిల్ల వైపు నుంచి వచ్చే ప్రతి మనిషికోసం నలభై ఏళ్ళు స్టేషనుకి ఎదురెళ్ళిన మనిషి ఆమె. ఏ బండి ఎప్పుడొస్తుందో ఆమెకి కంఠతా. గడియారం వైపు ఒకసారి చూసింది. మా చేతుల వైపు చూసింది. సంచి లేదు, ఇస్త్రీ పెట్టె మాత్రం ఉంది.

"బండి లేటయి ఉంటది" అంది తనే.

"ఆఁ, లేటే అత్తమ్మా" అన్నాను. పాపం, ఆ రైలు సమయానికే వచ్చింది.

పెట్టె సంగతి చెప్పాం. నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. దాన్ని అందుకుని, బోర్లించి, అడుగు రేకు మీద బొటనవేలు రాసి చూసింది. బట్టల మిల్లుల సమ్మె 1982లో మొదలయ్యాక మామయ్యకి మళ్ళీ మగ్గం దగ్గర నిలబడే రాత లేదు. అప్పట్నుంచీ ఇల్లు నడిపింది చిన్నమ్మ కుట్టుమిషనే. బట్టకి మడత ఎలా కూర్చోవాలో ఆమెకి నేను చెప్పేదేముంది?

"అల్కగున్నది అల్లుడా. దీనితోని మడత ఏం కూసుంటది?" అంది.

33 ఏళ్ళ సర్వీసులో నా మీద ఇంత నికరమైన ఆడిట్ అభ్యంతరం ఎవరూ రాయలేదు.

సర్వపిండి మొదలుపెట్టింది. గిన్నె అడుగున పిండి అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె చుక్కలు వేసి, మూతపెట్టి కాల్చాలి. ఒక్కటి దించి గిన్నె చల్లారాకగానీ రెండోది పడదు. ఓడలో ఇరవై నాలుగు గంటలూ తిండి పెడతారట చిన్నమ్మా అని మా ఆవిడ ఫోనులో బొమ్మలు చూపిస్తోంది. "ఉండే అర్ర చూపియ్యి" అంది చిన్నమ్మ. కిటికీ లేని గది. ముందురోజు రాత్రంతా మా ఆవిడ సణిగింది ఆ గది గురించే. 150 చదరపు అడుగుల్లో ఇద్దరం ఐదు రాత్రులు ఎట్లా ఉంటాం, అమ్మాయి కొంచెం పెద్దది తీసుకోకపోయిందా అని.

చిన్నమ్మ ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, "మా అర్ర లెక్కనే ఉన్నది" అంది సంతోషంగా.

ఆ చాల్‌లో గది 160 చదరపు అడుగులు. అందులోనే ఆరుగురు పెరిగారు. ఇద్దరి పెళ్ళిళ్ళయ్యాయి. ఊరినుంచి మిల్లు పనికొచ్చిన కుర్రాళ్ళు నడవాలో పడుకుని ఈ గదిలోనే తిన్నారు. మా ఆవిడ చిన్నప్పుడు వేసవి సెలవులకి వచ్చి నెల్లాళ్ళుండేది. ఎన్నింటికి ఖాళీ చేస్తారని అప్పుడు ఎవరూ అడిగి ఉండరు. మా ఆవిడ ఫోను తీసుకుని బ్యాగులో పెట్టేసింది. తర్వాత ఓడ బొమ్మలు ఎవరికీ చూపించలేదు.

పన్నెండున్నరకి లేచాం. "అప్పుడే పోతరా? ఇంకొకటి కాలుతున్నది" అంది. పెట్టెకి వైరు చుట్టి, దాన్ని తువ్వాలులో పెట్టి, బీరువా మీదికి ఎక్కించింది. "దీనికోసమన్న మళ్ళొస్తరు గద" అంది, నవ్వుతూనే.

ఓడ బాగుంది. దాని గురించి చెప్పడానికేం లేదు. ముడత చొక్కాలతో ఐదు రోజులు తిరిగితే నన్నెవరూ పట్టించుకోలేదు, అదొక్కటే కొంచెం బాధ. తిరిగొచ్చిన రోజు పొద్దున్నే దింపారు. కానీ అమ్మాయి మధ్యాహ్నం విమానానికి టిక్కెట్టు తీసింది. రేవునుంచి విమానాశ్రయానికి మేం వెళ్ళిన దారి వర్లీ మీదుగానే. టాక్సీవాడు మీటరు చూస్తున్నాడు, మేం గడియారం చూస్తున్నాం. ఫోను చేశాం. "ఉండనియ్యి బిడ్డా, అదేమన్న అన్నమడుగుతదా" అంది చిన్నమ్మ.

ప్రస్తుతం నా చొక్కాలు మా వీధి చివర బండి మీద చేయిస్తున్నాను. చొక్కాకి పది రూపాయలు. కాలర్ దగ్గర అస్సలు శ్రద్ధ లేదు. కొత్తది కొనుక్కోండి, ఎంతవుతుంది అంటుంది మా ఆవిడ. నిన్న సాయంత్రం దుకాణం దాకా వెళ్ళాను కూడా. అక్కడ కుర్రాడు నాలుగు రకాలు తీసి చూపించాడు. ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూశాను. అన్నీ తేలిగ్గా ఉన్నాయి. వచ్చేశాను.