స్ట్రాండు సూత్రమునకు టీక

మూలము: స్ట్రాండుకు నూనె అంటరాదు.

గర్డర్లు పోతపోయు యార్డులో షట్టరింగు రేకుపై ఎఱ్ఱరంగుతో వ్రాసిన వాక్యమిది. కర్త పేరు తెలియదు.

టీక: స్ట్రాండుకు = నడుమ తిన్నని తీగె యొకటి, దానిని మెలివేసుకొన్న తీగెలాఱు గల, 12.7 మిల్లీమీటర్ల ఉక్కు త్రాటికి; నూనె = కాంక్రీటు అచ్చునకు అతుకకుండుటకై రేకులకు పూయు షట్టరింగు ఆయిలు; అంటరాదు = పూత గుడ్డనుండి జాఱిన చుక్కయైనను సోకరాదు.

తాత్పర్యము: జాకీతో సుమారు 14 టన్నుల బిగువునకు లాగి బెడ్డు కొసల దిమ్మెలకు కట్టిన స్ట్రాండు చుట్టును కాంక్రీటు పోసి, అది తగినంత గట్టిపడిన పిమ్మట కొసలు కోసివేయగా, ఆ బిగువును గర్డరులో నిలుపుటకు బిళ్ల గాని వెడ్జి గాని లేదు, ఉక్కుపై కాంక్రీటునకు గల పట్టొక్కటే దిక్కు.

శంక: సిమెంటు తనంత తానే అంటుకొనును గదా, చుక్క నూనెకు ఇంత వెఱపేల?

సమాధానము: ఆ అంటు తొలి జాఱుతోడనే తెగును. మెలిగాళ్లలో దిగిన కాంక్రీటు అడ్డుపడునందువా, స్ట్రాండు ఆ మెలి వెంబడినే తిరుగుచు జాఱజూచును. భారమంతయు మోయునది ఘర్షణ. లాగినపుడు మిల్లీమీటరులో నలుబదవ వంతు మాత్రము సన్నగిలిన స్ట్రాండు, కోయగనే కొసయందు బిగువు సడలి పూర్వపు లావునకు రాబోవును, కాంక్రీటు చోటీయదు, అంతట కొసన లావై లోపల సన్నమై, గొడ్డలి కామలో దిగగొట్టిన చీలవలె, లోనికి లాగుకొన్నకొలది బిగియును. జర్మను ఇంజనీరు ఎవాల్డ్ హోయర్ పేర దీనిని హోయర్ ప్రభావమందురు. ఇంత స్వల్పమైన లావుపై వంతెనలు నిలుచుట నమ్మ బుద్ధికాదు గాని, నిలుచుచున్నవి. నూనె ఆ ఒత్తిడిని తగ్గింపదు. ఒత్తిడి యుండగనే ఘర్షణను హరించును.

విశేషములు: తుప్పునుగూర్చి సూత్రకారుడు పలుకలేదు. పలుచని తుప్పు పట్టును పెంచును. గుడ్డతో తుడిచినను గుంటలు కనబడు తుప్పు ఉక్కునే తినును గాన త్యాజ్యము.

అమెరికా వారి ఆష్టో నియమావళి ననుసరించి పూర్తి బిగువు కాంక్రీటునకు సంక్రమించుటకు వ్యాసమునకు 60 రెట్లు, అనగా ఇచట 762 మిల్లీమీటర్లు, మూరన్నర దాటిన మేర వలయును. ఆ లెక్కన కోసినపుడు స్ట్రాండు కొస సుమారు రెండున్నర నుండి మూడు మిల్లీమీటర్లు లోనికి జాఱవలెను. ముందుగా స్ట్రాండుపై గీత గీసి, కోసిన పిదప స్కేలుతో కొలిచి చూచు మేస్త్రీ, అంతకు మిక్కిలి జాఱెనేని, సంక్రమణ మేర పెరిగినదని లెక్క చేయకయే యెఱుగును.

అపవాదము: కొసలవద్ద అన్ని స్ట్రాండులును ఒక్కుమ్మడి పట్టినచో గర్డరు పైభాగము చీలునని, కొన్నింటికి కొంతమేర ప్లాస్టికు గొట్టము తొడిగి పట్టును బుద్ధిపూర్వకముగా తప్పింతురు. ఆ గొట్టపు మూతిని టేపుతో చక్కగా మూయనిచో సిమెంటుపాలు లోనికి జొచ్చి, నిషేధించిన తావుననే పట్టు పుట్టును.