ద్వితీయ ప్రసవ వార్త: సటీకా తాత్పర్యము

మూలము

"అందరికీ నమస్తే. తెల్లవారుజామున రెండో పాప పుట్టింది. నార్మల్ డెలివరీ. బరువు 2.9 కేజీలు. తల్లీబిడ్డా క్షేమం. పెద్దది నిద్రపోతోంది. మీ అందరి ఆశీస్సులు కావాలి."

అవతారిక

మియాపూరులో కాపురముంటున్న ఒకానొక గృహస్థు ఆసుపత్రి వరండాలో నిలబడి, ఉదయం 4 గంటల 40 నిమిషాలకు కుటుంబ వాట్సాప్ గ్రూపునకు సమర్పించిన గద్యమిది. బొటనవేలితో రాసినది గనుక ఇందులో ఛందస్సు వెతకరాదు. మెతుకుసీమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టాడు. మొదటి ప్రతిజ్ఞ మాకూ శిరోధార్యమే. చుట్టాల ప్రసక్తి వచ్చినచోట రెండోది నిలబెట్టుకోవడం కష్టం.

టీక

తెల్లవారుజామున: తొలిచూలుకు రాత్రంతా సాగిన నొప్పులు మలిచూలుకు రెండు మూడు గంటల్లో తేలిపోయాయని భావం. ఒకసారి తెరుచుకున్న దారి రెండోసారి త్వరగా తెరుచుకుంటుంది. రెండో కాన్పు సాధారణంగా తొందరగా అవుతుందన్నది డాక్టర్లూ మంత్రసానులూ తగవు పడకుండా ఒప్పుకొనే కొద్ది విషయాల్లో ఒకటి. ఇది తెలిసిన వారెవరో ముందుగానే సంచీ సర్ది గుమ్మం పక్కన పెట్టారు. ఎవరన్నది మూలంలో లేదు. పాఠకులు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

రెండో పాప: ఇక్కడ పాఠాంతరం ఉంది. దూరపు పిన్నిగారి జవాబులో "మళ్ళీ పాపేనా" అని కనబడుతోంది. ఇది ప్రక్షిప్తం. పుట్టకముందు ఆడో మగో చెప్పడాన్ని 1994 నాటి చట్టం నిషేధించింది గానీ, పుట్టాక నిట్టూర్చడాన్ని ఏ చట్టమూ ఆపలేకపోయింది. నిట్టూర్చక తప్పదనుకొనేవారు కనీసం దిక్కు చూసుకొని నిట్టూర్చాలి. వై క్రోమోజోము తండ్రి వద్ద తప్ప తల్లి వద్ద ఉండదు. "పాప" అనడంలో ఇంకా పేరు పెట్టలేదన్న సూచన కూడా ఉంది. జనన మరణాల చట్టం 21 రోజుల్లో నమోదు చేయించమంటుంది, పేరు లేకపోయినా ఒప్పుకుంటుంది. మన బారసాలా 21వ రోజునే కావడం వల్ల శాస్త్రానికీ సర్కారుకూ ఇక్కడ అరుదైన ఏకవాక్యత కుదిరింది.

నార్మల్ డెలివరీ: 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. నూటికి నలభై మందికైనా జరగనిదాన్ని నార్మల్ అనడం విరోధాభాసం. పైగా కుట్లు ఉన్నాయి. గర్భసంచి ముడుచుకొనేటప్పుడు వచ్చే నొప్పులు మలి కాన్పులో మొదటిసారి కంటే గట్టిగా ఉంటాయి. బిడ్డ నోట్లో రొమ్ము పెట్టిన ప్రతిసారీ అవి తిరగబెడతాయి. ఆ మంచం మీద ఉన్నవారు "నార్మల్" అన్న పదం వాడినట్లు ప్రయోగం దొరకదు. అది వరండా మాండలికం.

బరువు 2.9 కేజీలు: గ్రూపులో అత్యధిక చర్చకు నోచుకున్న పదమిది. శిశువులు మొదటి కొద్ది రోజుల్లో పుట్టిన బరువులో కొంత తగ్గి, రెండు వారాలు తిరిగేసరికి మళ్ళీ అందుకోవడం మామూలే. కానీ మూడో రోజున ఆ కాస్త తగ్గుదల గ్రూపుకెక్కగానే "పాలు చాలడం లేదు" అనే సిద్ధాంతం వెలువడుతుంది. దాని వెనకే పోతపాల డబ్బా ఫొటో వస్తుంది. ఖండనం: గంటలోపు ముర్రుపాలు పట్టారా, ఆరు నెలలు తల్లిపాలే ఇస్తారా అన్నవి అడగదగిన ప్రశ్నలు. మిగతాది తూకంరాళ్ళ చోద్యం.

తల్లీబిడ్డా క్షేమం: ద్వంద్వ సమాసం. ఇందులో రెండు పదాలకూ సమప్రాధాన్యమని వ్యాకరణం. జవాబులన్నిటా మాత్రం "బిడ్డ ఫొటో పెట్టండి", "ముక్కు ఎవరిది" అనే ఉంది. వ్యాకరణం ఇచ్చిన సమానత్వాన్ని చుట్టాలు పాటించలేదు.

పెద్దది నిద్రపోతోంది: మూలమంతటికీ ఆయువుపట్టు ఇదే. పెద్దది అంటే వయసులో పెద్దదని భ్రమపడరాదు. దానికి మూడేళ్ళు. రాత్రి పాపగా పడుకున్నది లేచేసరికి అక్క అయిపోయింది. కొత్త హోదా దాన్ని అడిగి ఇచ్చింది కాదు గనుక, కొన్నాళ్ళు పాలసీసా అడుగుతుంది, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెడుతుంది. ఇది మామూలేనని పిల్లల డాక్టర్లు చెబుతారు. తిట్టడం పనిచేయదు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం పనిచేస్తుంది. అయితే ఒడి ఎవరిది?

ఇక్కడ అధ్యాహారం చేసుకోవాలి. "పెద్దది ఎవరి పక్కన నిద్రపోతోంది?" తల్లి పక్కన కాదు, ఆమె వార్డులో ఉంది. తండ్రి పక్కన కాదు, ఆయన వరండాలో ఉన్నాడు. పక్కింటివారి దగ్గరందామా? అర్ధరాత్రి రెండింటికి అపార్ట్‌మెంటులో తలుపు తీసే పక్కిల్లు ప్రమాణసిద్ధం కాదు. తాతగారి పక్కనందామా? ఆయన తెనాలిలో కర్రీ పాయింటును నమ్ముకొని ఉన్నారు. మెట్టినింటి ప్రతుల్లో "నాయనమ్మ పక్కన" అని ఉంది గానీ, ఆవిడ బారసాలకు టికెట్టు తీసుకున్నట్లు ఆధారం దొరికినందున అది గ్రాహ్యం కాదు. పారిశేష్య న్యాయం చేత "అమ్మమ్మ పక్కన" అని పూరించుకోవాలి.

శంక: ఆసుపత్రిలో ఉన్న మనిషికి, ఇంట్లో పెద్దది నిద్రపోతోందని ఎలా తెలిసింది? సమాధానం: ప్రత్యక్షం కాదు, అనుమానమూ కాదు. ఫోనులో విన్న ఆప్తవాక్యం. ఆ మాట చెప్పినవారు ఆ వేళకు మేలుకొని ఉన్నారని దీనివల్లే తేలుతోంది. గుమ్మం పక్కన సంచీ ఎవరు సర్దారన్నదీ ఇక్కడే విడిపోతోంది.

ఆమె మోకాళ్ళ నొప్పులతో రైలెక్కి వచ్చింది. ఒక చేత వెల్లుల్లికారం సీసా, ఒక చేత వాము పొట్లం. ఇకపై బాలింతకు పథ్యం, చంటిదానికి కాళ్ళమీద పడుకోబెట్టి నీళ్ళుపోయడం, పెద్దదాన్ని ప్లేస్కూలుకు దింపడం ఆమె వంతు. సాంబ్రాణి పొగ వద్దన్న డాక్టరు మాట ఒక్కటే ఆమె పని తగ్గించింది. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకూ ఉద్యోగినికి 26 వారాల సెలవు దక్కుతోంది. కేంద్ర ప్రభుత్వోద్యోగి అయిన తండ్రికి 15 రోజులు. ప్రైవేటు తండ్రికి కంపెనీ దయ. అమ్మమ్మకు సెలవెక్కడిది? ఉద్యోగమని ఒప్పుకుంటే కదా సెలవు.

మీ అందరి ఆశీస్సులు కావాలి: వాచ్యార్థం ఆశీస్సులు. లక్ష్యార్థం వండిన అన్నం. వ్యంగ్యార్థం "ఒక్క రాత్రి ఎవరైనా వచ్చి పడుకోండి". సహృదయులు మాత్రమే మూడోదాన్ని గ్రహిస్తారు. తక్కినవారు దండం బొమ్మలు పంపుతారు.

తాత్పర్యము

ఒక ఇంట ఆడపిల్ల పుట్టింది. పుట్టించినవాడు ప్రకటించాడు, కన్నది పడుకుంది, పుట్టినది ఏడ్చింది, ముందు పుట్టినది నిద్రపోయింది. వార్తలో కనబడని ఐదో మనిషి మేలుకొని ఉండబట్టి ఈ నాలుగు క్రియలూ సాధ్యమయ్యాయి. పెరిగే కుటుంబానికి కర్త ఎవరైనా, క్రియ ఆమెదే.

ఫలశ్రుతి

ఈ టీక చదివినవారు బారసాలకు చంటిదానికి మరో గౌను బదులు పెద్దదానికొక బొమ్మ పట్టుకెళ్ళెదరు. విన్నవారు టిఫిన్ క్యారేజీ నింపుకొని వెళ్ళి, ఖాళీది తామే కడుక్కొని తెచ్చుకొనెదరు. పారాయణ చేసిన తండ్రులు రాత్రి రెండో జాము వంతు తీసుకొనెదరు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో నిలబడరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తివేసింది. పిల్లల్ని ఇంకా కనండని వేదికల మీద చెప్పే నాయకులు పెరిగారు. కావున మూడో కాన్పును గూర్చి ఇంట గానీ సభలో గానీ ప్రస్తావించదలచినవారు ముందుగా తెనాలికి ఫోన్ చేసి, మోకాళ్ళు ఎలా ఉన్నాయో కనుక్కొని, ఆ తర్వాతే నోరు విప్పవలెను.