ఒక స్టేషనరీ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

జగ్గయ్యపేట, నందిగామ ఆఫీసుల్లో పెన్నులూ పిన్నులూ కాగితాలూ కొనే పని ఆ రోజు ఎవరు సీట్లో దొరికితే వాళ్ల మెడకు చుట్టుకుంటుంది. ‘ఏదో ఒకటి పట్రావోయ్, రాస్తే చాలు’ అని హెడ్ గుమాస్తాగారు సెలవిస్తారు. ఈ చార్వాక మతాన్ని ఖండించడానికి పుట్టినదీ పద్యం. కొలచల మల్లినాథసూరికి కాళిదాసు దొరికాడు. మాకు ఆ వసతి లేక మూలం కూడా మేమే రాసుకున్నాం.

మూలం

ఆ. పెన్ను గీసి చూడు పేజి చివరిలోన
పిన్ను కొట్టి చూడు పిదప కొనుము
రీము తూచి చూడు రేటు వినకముందు
బిల్లు వచ్చినాక పెదవి విరువు

ప్రతిపదార్థం

పెన్ను = ఆఫీసు ఖర్చున కొనబడి సొంత జేబున స్థిరపడునట్టి సాధనమును; పేజి చివరిలోన = కౌంటరు మీది చిత్తు పుస్తకమునందు, ఖాళీ దొరికిన మూల; గీసి చూడు = పరీక్షింపుము; పిన్ను = స్టేప్లరునందు ఇముడు తీగముక్కను; కొట్టి చూడు = కొట్టువాని స్టేప్లరుతో గాక నీ ఆఫీసు స్టేప్లరుతోనే కొట్టి చూడుము; పిదప కొనుము = అంతవరకు డబ్బు తీయకుము; రీము = ఐదువందల కాగితముల కట్టను; తూచి చూడు = కాటా ఎక్కింపుము; రేటు వినకముందు = వినినచో బుద్ధి చలించును గనుక; బిల్లు వచ్చినాక = బిల్లు చేతికందిన తరువాతనే; పెదవి విరువు = ‘మరీ ఎక్కువ వేశావయ్యా’ అను ముఖము పెట్టుము.

తాత్పర్యం

వస్తువును చేత్తో తెలుసుకున్నాకే ధర చెవిన వేసుకోవాలని భావం.

విశేషాలు

‘గీసి చూడు’ అన్నాడు గానీ ఏం గీయాలో కవి చెప్పలేదు. లోకులు సున్నాలు చుడతారు, లేదా సంతకం పెడతారు. రెండూ పరీక్షలు కావు. సున్నా ఎంత నాసిరకం పెన్నయినా చుడుతుంది. సంతకానికి చెయ్యి అలవాటు కొద్దీ పరుగెత్తుతుంది, పెన్ను తప్పు దొరకనివ్వదు. పైగా ఆ చిత్తు పుస్తకంలో ఇప్పటికే సగం ఊరి సంతకాలున్నాయి, అది ఎవరి చేతిలోనన్నా పడితే ఏమిటి గతి! ‘లక్ష్మి’ అని రాయాలని మా సిద్ధాంతం. క కింద ష వత్తు, దాని పక్కన మ వత్తు: చెయ్యి దిగి, తిరిగి, మళ్లీ తిరుగుతుంది. ఆ రెండో మలుపులో నాసిరకం బంతి తిరగనని మొరాయిస్తుంది. ఇంకు తెగి గీత తెల్లగా పోతుంది, మలుపు దాటాక ఆ బాకీ అంతా ఒక్క బొట్టుగా కక్కుతుంది. తెల్ల ఒళ్లు, నీలి మూత రెనాల్డ్స్ 045 ఈ వత్తుల దగ్గర తడబడగా మేము చూడలేదు. శిష్టాచారం కూడా ఇదే. రాజమండ్రి రత్నం వారి స్వదేశీ పెన్నును గాంధీగారంతటివారు వాడి చూశాకే, 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. దేశభక్తి ఉంది కదా అని మూత తీయకుండానే మురిసిపోలేదు.

పిన్నుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 10 నంబరు పిన్నుకూ 24/6 పిన్నుకూ జాతకాలు కలవవు. రెండో దానిలో 24 తీగ మందానికి గుర్తు, 6 కాలు పొడవు, మిల్లీమీటర్లలో. చిన్న స్టేప్లరు పట్టుకుని పెద్ద పిన్నుల డబ్బాలు డజను తెచ్చిన ఆఫీసులో అవి రిటైర్మెంటు దాకా బీరువాలో ఉంటాయి.

రీము దగ్గర ఆగాలి. పద్యానికి ప్రాణం మూడో పాదం. కట్ట మీద 75 జీఎస్ఎం అని ఉంటుంది. అంటే చదరపు మీటరు కాగితం 75 గ్రాములు తూగాలి. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు. కాబట్టి ఐదువందల కాగితాలు రెండు కిలోల 340 గ్రాములు ఉండాలి. 70 అయితే రెండు కిలోల 190 దగ్గర ఆగుతుంది. పై అట్ట బరువు కొంత మినహాయించండి. లెక్క ఇంతే. అయినా కాగితాన్ని అందరూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి, కళ్లు అరమోడ్చి, ‘బాగానే ఉంది’ అంటారు. ఆ వేళ్లకు 75కూ 70కీ తేడా తెలిసిందంటే మేము నమ్మం. పక్కన కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా ఉంటుంది, పంచదార పొట్లం దించగానే మీ రీము ఎక్కించండి. కొట్టాయన వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఇక్కడొక పూర్వపక్షం: వానాకాలం కాగితం తేమ పీల్చి బరువెక్కదా? ఎక్కుతుంది. అందుకే వేసవిలో కొనాలి. తేమ పట్టిన కాగితం జిరాక్స్ మిషన్లో రెండేసి అతుక్కుని ఇరుక్కుంటుంది కూడా. పత్తి రైతుకు ఈ మాట కొత్త కాదు. తేమ 8 శాతం దాటితే పత్తి కొనే సీసీఐ (భారత పత్తి సంస్థ) వాళ్లు మద్దతు ధరలో కోస్తారు, 12 దాటితే బండి వెనక్కి తిప్పమంటారు. పత్తి బోరెం దగ్గర ఇంత నిక్కచ్చిగా ఉండే మండలాల్లో కాగితం తేమ అడిగిన గుమాస్తాను మేమింకా చూడలేదు.

నాలుగో పాదంలో పాఠాంతరం ఉంది. ‘బిల్లు వచ్చినాక’ అన్నది జగ్గయ్యపేట పాఠం. నందిగామ ప్రతిలో ‘బిల్లు రాకముందె’ అని కనిపిస్తుంది. ఛందస్సు రెండింటికీ సరిపోతుంది, కాబట్టి వ్యవహారం చూసి తేల్చాలి. జగ్గయ్యపేట బేరసారాల ఊరు. డబ్బు వెంటనే చేతులు మారుతుంది, పెదవి ఎప్పుడు విరిచినా అది మర్యాదకే. నందిగామ డివిజన్ ఆఫీసులూ కోర్టులూ ఉన్న ఊరు. బిల్లు పాసవడానికి పట్టే నెలలన్నీ కొట్టువాడు ముందే ధరలో కలుపుకుంటాడు, అందువల్ల పెదవి కూడా ముందే విరవాలి. ఎవరి పాఠం వారికి సాధువు. మూడు కొటేషన్లూ ఒకే చేతిరాతతో వచ్చినప్పుడు మాత్రం ఏ పాఠమూ పనిచేయదు.

అసలు బిల్లును వచ్చిన రోజే జిరాక్స్ తీయించాలి. థర్మల్ కాగితం మీద వేడితో పుట్టిన అక్షరం మన మెట్ట ఎండలకు ఒక్క వేసవిలో వెలిసిపోతుంది, ఆడిట్ నాటికి ఫైల్లో తెల్ల చీటీ మిగులుతుంది. రాసే వస్తువు ఎంచుకోవడం ఎలాగో జగ్గయ్యపేటవాళ్లకు ఒకప్పుడు తెలుసు. జగ్గయ్యపేట బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడ దొరికిన శాసనాలు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం నాటివి. సిద్ధార్థుడనే శిల్పి తాను స్తూప వేదిక మీద ఐదు ఆయక స్తంభాలు నిలిపినట్టు సున్నపురాతి మీద, అక్షరాల తోకలు సొగసుగా సాగదీసి చెక్కించాడు. పదిహేడు వందల ఏళ్లు దాటినా చదువుకోవచ్చు. ఏ ఆడిటరూ అభ్యంతరం చెప్పలేడు. ఇప్పుడా చుట్టుపక్కల సున్నపురాయి సిమెంటు ఫ్యాక్టరీలకు పోతోంది.

అనుక్తాలు

పద్యంలో గమ్ము సీసా లేదేమని అడుగుతారు. మే నెలలో మన దగ్గర అది గమ్ము కాదు, సీసాలో గాజుముక్క. స్టాంపు ప్యాడ్‌దీ అదే గతి, మూత తెరిచి భోజనానికి వెళ్లొస్తే అట్టకట్టిన గుడ్డ మిగులుతుంది.

రబ్బరు స్టాంపు సంగతి వేరు. 2022 ఏప్రిల్ 4న రెండు ఊళ్లూ కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. ఊళ్లు హైవే మీద ఎక్కడివక్కడే ఉన్నాయి, స్టాంపులు మాత్రం అరగకుండానే చెల్లకుండా పోయాయి. కనుక కొత్తది చేయించేటప్పుడు జిల్లా పేరు అడుగు వరుసలో, పై వరుసకు కాస్త ఎడం ఇచ్చి పెట్టమనండి. మళ్లీ మారితే బ్లేడుతో ఆ ఒక్క వరుస కోసేసి మిగతాది వాడుకోవచ్చు.