బీరువాలో ఫోను

గుంటూరు జిల్లాలో ఒక జడ్పీ హైస్కూలు. తొమ్మిదో తరగతి లెక్కల పీరియడు. మాస్టారు బోర్డు మీద త్రిభుజం గీస్తుంటే మూడో బెంచీ నుంచి అలారం మోగింది. పక్క క్లాసు వాళ్లు కూడా తలలు తిప్పి చూసేంత గట్టిగా! పిల్లలంతా ఘొల్లుమన్నారు. బ్యాగు తాలూకు కుర్రాడు మాత్రం గాభరా పడలేదు. జిప్పు తీసి, ఫోను బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పటిదాకా ఎవరి చేతా ఒక్క మాట అనిపించుకోని పిల్లాడు.

ఫోను హెడ్మాస్టారి గదికి చేరింది.

పిల్లలు బడికి ఫోను తేకూడదని 2023 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. టీచర్లు కూడా క్లాసుకు వెళ్లే ముందు తమ ఫోన్లు హెడ్మాస్టారికి అప్పగించాలంది. అంతకు ముందు నెలలోనే, ఫోను దగ్గర్లో ఉంటే చాలు పిల్లల ధ్యాస చెదిరిపోతోందని యునెస్కో నివేదిక చెప్పింది. నలభై మందికి పాఠం చెప్పే ఏ మాస్టారినడిగినా అదే మాట అంటారు. ఈ హెడ్మాస్టారు మరీ పట్టుదల మనిషి. దొరికిన ఫోను ఏడాది పరీక్షలయ్యేదాకా బీరువాలోంచి బయటికి రాదని ప్రతి సోమవారం ప్రార్థనలో చెప్పేవారు.

మర్నాడు పొద్దున్నే తండ్రి వచ్చాడు. నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఆ ఫోను నాదండి. తలగడ కింద పెట్టుకుంటే తెల్లారేసరికి ఎత్తుకొచ్చేశాడు. ఈ ఫోన్ల వల్లే పిల్లలు పాడైపోతున్నారండి. వీడికి నాలుగు తగిలించి, నా ఫోను నాకు ఇప్పించండి."

హెడ్మాస్టారు మెత్తబడ్డారు. పిల్లాడు చేసిన తప్పుకి తండ్రి పనులు ఆగడమెందుకు? కుర్రాణ్ణి పిలిపించారు.

"ఇంకెప్పుడూ తేనని చెప్పు. ఈ ఒక్కసారికీ మీ నాన్నకి ఇచ్చేస్తాను" అంటూ బీరువాలో తాళంచెవి పెట్టారు.

కుర్రాడు గబగబా వెళ్లి బీరువాకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇవ్వకండి సార్! అలారం నేనే పెట్టాను. మీకు దొరకాలనే పెట్టాను."

"ఏంట్రా నువ్వనేది?"

"నాన్న రాత్రంతా అందులో రమ్మీ ఆడుతున్నాడు సార్. డబ్బులు పెట్టి ఆడే ఆటల్ని 2020లోనే మన రాష్ట్రంలో నిషేధించారని సోషల్ సార్ చెప్పారు. మా ఇంట్లో మాత్రం ఆగలేదు. మీ బీరువాలో అయితే పరీక్షలయ్యేదాకా ఉంటుంది కదా అని తెచ్చాను. అమ్మ గాజులు, గొలుసు అన్నీ తాకట్టుకి పోయాయి సార్. ఇంక పుస్తెలొక్కటే ఉన్నాయి."