ఖాకీ ప్యాంటుకు టీకా తాత్పర్యము

మూలము: “ఖాకీ ప్యాంటు పొడవు ఒకటిన్నర తగ్గించాలి. నడుం ఒకటి లూజు. తెల్ల చొక్కా కాలరు తిప్పాలి. ప్యాంటు రేపు ఏ షిఫ్టుకి, చొక్కా ఎల్లుండి సింహాచలానికి.”

అవతారిక: కాళిదాసుకు కోలాచలం మల్లినాథసూరి దొరికాడు. కుట్టుమిషను మూత మీద పెట్టి వెళ్ళిన ఈ చీటీకి మాత్రం ఇంతవరకు వ్యాఖ్యాత లేడు. కవి విశాఖ స్టీల్ ప్లాంటు ఉద్యోగి. రచనాస్థలం గాజువాకలో ఒక ఇల్లు, కాలం రాత్రి భోజనాలైన తరువాత. పాత కొలతలిచ్చి కుట్టించుకున్న కొత్త ప్యాంటు, చాలా ఏళ్ళు తొడిగిన చొక్కా ఇందులో వస్తువు.

కర్తృవిచారము: తగ్గించాలి, తిప్పాలి అన్న క్రియలున్నాయి. ఎవరు? కర్త లేడు. ‘ఇల్లాలు’ అన్న పదం అధ్యాహార్యమని లోకమతం. ఆ ఇల్లాలు అచ్యుతాపురంలో బ్రాండిక్స్ వారి వెయ్యి ఎకరాల దుస్తుల పార్కులో పనిచేసే వేలాది ఆడవాళ్ళలో ఒకరైతే? లైనులో ఒకే రకం కుట్టు పొద్దంతా వేసి బస్సు దిగిన మనిషికి ఈ చీటీ ఓవర్‌టైమే అవుతుంది. కనుక రాసినవాడే కర్త అని సిద్ధాంతం.

ఒకటిన్నర: సంఖ్య ఉంది, మానం లేదు. టేపుకు ఒకవైపు అంగుళాలు, వెనకవైపు సెంటీమీటర్లు ఉండడం వల్ల పాఠం సందిగ్ధమైంది. సెంటీమీటర్లని అన్వయించినవారి ప్యాంటు నేల ఊడుస్తూనే ఉంటుంది. గుడ్డ మీటర్లలో కొని అంగుళాల్లో కుట్టించుకోవడం మన సంప్రదాయం. కాబట్టి అంగుళాలే గ్రాహ్యం, అంటే 3.8 సెంటీమీటర్లు.

తగ్గించాలి: ‘కత్తిరించాలి’ అని తొందరపాటువారి అర్థం. అది ప్రమాదం. కొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుంటుంది, అదీ ఎక్కువగా పొడవులోనే. ముందు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, బూట్లు తొడుక్కుని నిటారుగా నిలబడ్డాక మడమ దగ్గర ఇంకొకరి చేత చాక్‌పీసుతో గుర్తు పెట్టించుకోవాలన్నది శాస్త్రం. మూలంలోని ‘రేపు’ అన్న మాట ఈ శాస్త్రానికి అడ్డుపడుతోంది. సముద్రపు తేమగాలిలో దళసరి ఖాకీ రాత్రికి రాత్రి ఆరదు. అందువల్ల కత్తెర ముట్టకుండా, అడుగు కుట్టు విప్పి, ఎక్కువైన గుడ్డను లోపలికి మడిచి చేత్తో హెమ్మింగ్ చేయడమే ఉచితం. ఉతికాక కురచైతే దింపుకోవచ్చు.

‘లోపలికి’ అన్నచోట కొంచెం ఆగాలి. ఫ్యాషన్ కోసం బయటికి మడిస్తే ఏం పోయింది అంటే, ఈ ఊళ్ళో చాలా పోతుంది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ప్లాంటులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులు. అక్కడ కరిగిన ఇనుము వేడి ఇంచుమించు 1,500 డిగ్రీలు. పైమడతలో పడిన నిప్పురవ్వ జారిపోదు, అక్కడే కూర్చుని గుడ్డను కాలుస్తుంది. షిప్‌యార్డు వెల్డర్లకూ ఇదే ఇబ్బంది. పాలిస్టర్ అయితే 260 డిగ్రీల దగ్గరే కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలు మాడుతుంది గాని కరగదు.

నడుం ఒకటి లూజు: లూజు చేయాలి, అంటే ప్యాంటు బిగుతైందని వాచ్యార్థం. పొట్ట పెరిగిందని వ్యంగ్యార్థం. రెండింటికీ చికిత్స వెనక నడిమి కుట్టులోనే ఉంది. మగవాళ్ళ ప్యాంటు కుట్టే టైలరు అక్కడ పైన వెడల్పుగా, కిందికి పోనుపోను సన్నంగా కొంత గుడ్డ వదిలిపెడతాడు. నడుం పట్టీని కూడా రెండు ముక్కలుగా కోసి వెనక కలుపుతాడు, ఏనాటికైనా విప్పాలని తెలిసే. నడిమి బెల్టు లూపు తీసి, పట్టీ విప్పి, ఒక్కోవైపు అర అంగుళం వదిలితే మొత్తం ఒకటి. కూర్చున్నప్పుడు లాగుడంతా అక్కడే పడుతుంది గనుక కుట్టు రెండుసార్లు వేయాలి. జీన్సుకు ఈ టీక వర్తించదు. దాని పట్టీ ఒకే ముక్క, కుట్టులో మిగులు గుడ్డ ఉండదు.

కాలరు తిప్పాలి: మెడ రాపిడికీ చెమటకూ కాలరు మడత దగ్గర చిట్లుతుంది, కింది పొర మాత్రం కొత్తదానిలా ఉంటుంది. కాలరునూ దాని పట్టీనీ కలిపిన కుట్టు విప్పి, ఒక్కోదాని నడిమధ్య గుర్తుపెట్టి, తిరగేసి మళ్ళీ లోపలికి దూర్చి కుట్టాలి. 

లోహవిశేషము: ఉక్కు పోసే ఊరే అయినా ఉప్పుగాలికి సూది తుప్పు పడుతుంది. తెల్ల చొక్కాలో గుండుసూదులు రాత్రంతా ఉంచితే సింహాచలానికి గోధుమరంగు చుక్కలతో వెళ్ళాలి.

తాత్పర్యము: ఈ ఉద్యోగి ఈ రాత్రి ప్యాంటు అడుగు లోపలికి మడిచి, నడుం వదిలి పడుకోవాలి. కాలరు రేపు షిఫ్టు దిగాక చూసుకోవచ్చు. రెడీమేడ్ షాపుల ముందు మిషను వేసుకుని కూర్చునే ఆల్టరేషన్ టైలరు ఇవన్నీ టీక అక్కర్లేకుండానే చేసిపెడతాడు గాని, పొద్దున్నే కదిలే ‘ఏ’ షిఫ్టు బస్సు వేళకు ఆయన ఇంకా రాడు.